కుదపని డబ్బాలో చీటీ

మా ఆఫీసు ల్యాబు సెల్లారులో ఉంటుంది. కిటికీలు లేవు. తలుపు వేస్తే బయట ఎండ కాస్తోందో వాన పడుతోందో తెలియదు. బయటి సిగ్నలు ఏదీ లోపలికి రాకూడదని గోడలకి లోపలివైపు రాగి రేకు కొట్టారు. ఫోను పట్టుకుని లోపలికెళ్తే అది కూడా గుడ్డిదైపోతుంది. ఎప్పుడూ వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, ఫ్యాన్ల హోరు. కొత్తగా చేరినవాళ్ళు కాసేపు కూర్చుంటే చాలు, తలనొప్పంటూ పైకి పరిగెడతారు. నాకు మాత్రం అక్కడే హాయి. ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

నా పని కెర్నెల్ రాయడం. కంప్యూటర్లో అందరికంటే ముందు లేచి, అందరి తర్వాత పడుకునే ప్రోగ్రాము అది. పని చేసినన్నాళ్ళు ఒక్కడూ మెచ్చుకోడు. ఒక్క పూట పడకేస్తే మాత్రం ఊరంతా అరుస్తుంది. మేం తయారుచేసేది ఇళ్ళల్లో పెట్టుకునే చిన్న నెట్‌వర్క్ బాక్సులు.

ఆ మధ్యాహ్నం కొత్త సరుకు వచ్చింది. మొదటి బాక్సు విప్పుతూనే సోల్డరు నెత్తి కొట్టుకున్నాడు. సోల్డరంటే మా హార్డ్‌వేర్ ఇంజినీరు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ లేకుండా అతన్ని ఎవరూ చూడలేదు. పెళ్ళిపీటల మీద కూడా అది జేబులోనే ఉండి ఉంటుందని మా అనుమానం.

"కొంప మునిగింది గురూ. ఫ్యాక్టరీవాడు అడ్రసులు రాయకుండా పంపేశాడు."

"ఒక్కదానికేనా?"

"ఒక్కటైతే నెత్తెందుకు కొట్టుకుంటాను? అన్నీ పేరు పెట్టని పిల్లలే."

ప్రతి నెట్‌వర్క్ చిప్పుకీ పుట్టుకతో ఒక అడ్రసు ఉంటుంది. ఆరు బైట్ల అంకె. ఎవరికొచ్చిన సమాచారం వాళ్ళకే చేరాలంటే, ఒకే ఇంట్లో ఏ రెండింటికీ ఒకే అడ్రసు ఉండకూడదు. ఉంటే రెండూ కొట్టుకుంటాయి. ఒకటి లోపలికొస్తే ఇంకొకటి బయటికి పోతుంది. కాసేపటికి అది తిరిగొచ్చి దీన్ని గెంటుతుంది. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి.

ఫ్యాక్టరీలో అడ్రసు రాయకపోతే, బాక్సు నిద్రలేచేటప్పుడు కెర్నెలే దానికి ఒక అడ్రసు పెడుతుంది. డబ్బాలో చెయ్యిపెట్టి చీటీ తీసినట్టు ఏవో ఆరు బైట్లు తీస్తుంది. అందులో ఒక బిట్టు చెరిపేస్తుంది, అది ఉంటే గుంపు మొత్తానికి పిలుపని అర్థం. ఇంకొక బిట్టు పెడుతుంది. ఈ పేరు కంపెనీ ఇచ్చింది కాదు, నేనే పెట్టుకున్నానని ఒప్పుకోవడం అన్నమాట. మిగిలిందంతా లాటరీ. డెబ్బై లక్షల కోట్ల చీటీలున్న డబ్బా అది. ఒకసారి వచ్చిన చీటీ మళ్ళీ మన జన్మలో రాదు.

మా ఆవిడకి ఆ ఒప్పుకోలు బిట్టంటే మహా ఇష్టం. "మీ కెర్నెల్ మొత్తంలో నిజాయితీ ఉన్నది ఆ ఒక్క లైనుకే" అనేది. తనదీ ఇదే ఆఫీసు. టెస్టింగ్. మేం కట్టినదాన్ని పడగొట్టడం తన ఉద్యోగం. అందరూ ఇన్‌స్పెక్టరనేవాళ్ళు. బుగ్గన ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ల్యాబులోకి మనిషికంటే ముందు ఆ వాసన వచ్చేది, మా గుండెల్లో రాయి పడేది. ఇంట్లోనూ అంతే. నేను కూర వండితే దాన్ని కూడా టెస్ట్ చేసి, మూడు తప్పులు రాసిచ్చేది.

ఇంట్లో నేనొక సరదా ఏర్పాటు చేశాను. మాలో ఎవరి ఫోను ఇంటి నెట్‌వర్క్‌లోకి వస్తే వాళ్ళ లైటు వెలుగుతుంది. నేనొస్తే ముందు గదిలో. అమ్మాయొస్తే మేడ మీద తన గదిలో. ఆవిడొస్తే వంటింట్లో. "నాకు వంటిల్లే దొరికిందా మహానుభావా?" అని వారం రోజులు సాధించింది. కానీ ఆ లైటు వెలిగితేగా! ఫోన్లు ఇప్పుడు రోజుకో అడ్రసు వేషం వేస్తున్నాయి, ఎవరూ వెంటపడకుండా. నా ఫోనుకీ, అమ్మాయి ఫోనుకీ ఆ వేషం మాన్పించాను, తను మాత్రం ఒప్పుకోలేదు. ఇంటికి ఆవిడ ఎవరో తెలిసేది కాదు. సొంత ఇంట్లో కూడా మారువేషమేంటని నేను పోరుపెడితే, ఒకరోజు ల్యాబులో పాత బాక్సు ముందు కూర్చుని, దానితో ఒక చీటీ తీయించి, ఆ అడ్రసు తన ఫోనుకి శాశ్వతంగా పెట్టేసుకుంది. చివరి రెండంకెలు అమ్మాయి పుట్టిన తారీఖు కావడం చూసి మురిసిపోయింది.

"ఇదిగో, లాటరీలో నా పేరు. చచ్చేదాకా ఇదే" అంది.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం నేనూ, అమ్మాయీ ముందు గదిలో కూర్చుని వంటింటివైపు చూస్తున్నాం. ఆవిడ ఎక్కిన బస్సు వంతెన దాటలేదు. లైటు వెలగలేదు. రెండు రోజుల తర్వాత ఫోను తెచ్చిచ్చారు. అద్దం పగిలి, లోపల నీళ్ళు. బీరువాలో ఆవిడ బట్టల మధ్య పెట్టి తాళం వేశాను. నాకు చేతనైంది అంతే.

ఇక ఆ మధ్యాహ్నం సంగతి. బాక్సుకి కరెంటిచ్చాను. తెర మీద అక్షరాలు పరిగెత్తాయి. అడ్రసు లేదు, నేనే ఒకటి పెడుతున్నాను, అంది కెర్నెల్. కింద అడ్రసు పడింది.

చదివాను. చివరి రెండంకెల దాకా వెళ్ళనక్కర్లేకపోయింది.

"ఏంటి గురూ, మొహం అలా పాలిపోయింది?"

"ఏం లేదు. టీ తెస్తావా?"

అతను వెళ్ళాక తలుపు దానంతటదే మూసుకుంది. కరెంటు తీసి మళ్ళీ ఇచ్చాను. అక్షరాలు పరిగెత్తాయి... అదే అడ్రసు. ఇంకో బాక్సు పెట్టాను. అదే. నా వీపు వెనక ఫ్యాన్లు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టనిపించింది. ఈ గదిలోకి బయటినుంచి ఏదీ రాలేదు... గోడలనిండా రాగి ఉంది... వెనక్కి తిరగకుండా చాలాసేపు కూర్చున్నాను. తిరిగితే ఎవరూ ఉండరేమోనని భయం. ఉంటారేమోనని కాదు.

సోల్డరు టీతో తిరిగొచ్చేసరికి బుర్ర పనిచేసింది. చీటీల డబ్బాని బాగా కుదిపితేనే ఏదో ఒకటి వస్తుంది. కెర్నెల్‌కి ఆ కుదుపు బయటి అలికిడి నుంచి రావాలి. ఎవరో మీట నొక్కడం, ఏదో డిస్కు తిరగడం లాంటివి. మా బాక్సుకి మీటలూ లేవు, డిస్కూ లేదు. నిద్రలేవగానే, డబ్బా కుదపకుండానే చీటీ తీసేస్తోంది. కుదపని డబ్బాలో ఎవరు చెయ్యిపెట్టినా పైనున్న చీటీయే వస్తుంది. ఆ రోజు మా ఆవిడ వాడిన పాత బాక్సుకీ ఇదే జబ్బు.

"అంతే కదా! నేనింకా ఏదో అనుకున్నాను" అని సోల్డరు నా వీపు తట్టాడు.

అంతే. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అది లాటరీ కాదు. ఆవిడ అంత మురిసిపోయిన పేరు ఆవిడ ఒక్కదానిదీ కాదు, ఎవరికైనా వచ్చేదే. బతికుంటే ఈ తప్పు తనే పట్టుకుని, నెల రోజులు నన్ను ఏడిపించేది. ఆ ఏడిపించడం కోసం ఏమైనా ఇచ్చేవాణ్ణి.

డబ్బా కుదిపేదాకా ఆగు, అని కెర్నెల్‌కి నాలుగు లైన్లు రాసి బాక్సులన్నిట్లోకీ ఎక్కించాను. బాక్సుకో అడ్రసు వచ్చింది. ఒక్కదానికి మాత్రం ఎక్కించలేదు. దాన్ని సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది.

వైరు గుచ్చి కరెంటిచ్చాను. కాసేపటికి, ఏడాది తర్వాత, వంటింట్లో లైటు వెలిగింది.

"అమ్మా!"

మేడ మీదనుంచి అమ్మాయి మెట్లు దూకుతూ వచ్చింది. మేం తనని పిచ్చుకంటాం. పదో తరగతి. పేరుకి పిచ్చుకే గానీ తల్లి పోయాక కిచకిచలు లేవు. నవ్వయితే అసలే లేదు. వంటింటి గుమ్మంలో ఆగిపోయి, ఖాళీ గదినీ, నన్నూ, నా చేతిలో వైరునీ చూసింది.

"నీకేమైనా పిచ్చా నాన్నా?" అని పైకెళ్ళి తలుపేసుకుంది. 'అమ్మా' అన్న ఆ పిలుపు నా చెవుల్లోంచి పోలేదు. అన్నం తినకుండా పడుకున్నాను.

మర్నాడు సాయంత్రం తనే వచ్చి నా పక్కన కూర్చుంది.

"అది పెట్టు నాన్నా."

"వద్దన్నావుగా."

"ఊరికే... కాసేపు."

అప్పట్నుంచి రోజూ పెట్టేవాళ్ళం. నా లైటు, దాని లైటు, వంటింటి లైటు. మూడూ వెలిగితే, వంటింట్లో ఎవరో ఉన్నట్టే ఉండేది. పిచ్చుక అక్కడే చదువుకునేది. అన్నం కూడా కాస్త తినడం మొదలుపెట్టింది. నాకు ఆ మూడు లైట్లూ ఉంటే చాలనిపించింది. ప్రపంచంలో ఇంకేం అడగను.

తర్వాత వాన పట్టిన ఒక సాయంత్రం. చీకటి తొందరగా పడింది. ముందు గదిలో నేనూ, పిచ్చుకా కూర్చున్నాం. చూరు నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

వంటింటి లైటు ఆరింది.

వెలిగింది. మళ్ళీ ఆరింది.

"కరెంటు సరిగ్గా లేనట్టుంది" అన్నాను. పిచ్చుక తల పైకెత్తి మా లైట్లు చూసింది. అవి నిక్షేపంగా వెలుగుతున్నాయి.

ల్యాప్‌టాప్ తెరిచి నెట్‌వర్క్ చూశాను. ఆవిడ అడ్రసు వైరు మీద ఉంది. మరుక్షణం వైరు మీద లేదు, గాలిలో, అంటే వైఫై మీద ఉంది. మళ్ళీ వైరులో... మళ్ళీ గాలిలో. మారినప్పుడల్లా లైటు ఆరి వెలుగుతోంది.

వైరు మీదున్నది నా బాక్సు. గాలిలో ఉన్నది...

బీరువా దగ్గరికెళ్ళి తాళం తీశాను. బట్టల మధ్య ఫోను అలాగే ఉంది. చల్లగా. మీట నొక్కాను. చచ్చిన ఫోను చచ్చినట్టే ఉంది.

తిరిగొచ్చేసరికి పిచ్చుక గోడకి ఆనుకుని నిలబడి ఉంది.

"నాన్నా... వాసన..." గుసగుసలాడింది.

ముందు తడి బట్టల వాసన. వానలో బాగా నానిన బట్టలు. దాని వెనకే, సన్నగా... లవంగం.

తెర మీద సిగ్నలు గీతలు చూశాను. ఒకటే గీత. అంటే గేటు దగ్గర. లైటు ఆరింది. వెలిగింది. రెండు గీతలు... ఆరింది. మళ్ళీ ఒకటే గీత.

"నాన్నా, అమ్మ లోపలికి రాలేకపోతోంది."

అవును. ఒకే అడ్రసుతో ఇద్దరుండకూడదు. ఆవిడ చోట్లో నేనొక బాక్సుని కూర్చోబెట్టాను. ఆవిడ గుమ్మం దాకా వచ్చి, 'ఇంట్లో నేను ముందే ఉన్నానుగా' అని ఆ బాక్సు ఇచ్చే జవాబు విని, వానలోకి వెళ్ళిపోతోంది. వస్తోంది... వెళ్ళిపోతోంది...

"తియ్యి నాన్నా! తొందరగా!"

వైరు లాగేశాను.

వంటింటి లైటు వెలిగింది. ఇక ఆరలేదు.

మూడు గీతలు. నాలుగు. అన్నీ నిండిపోయాయి. ముందు గదికీ వంటింటికీ మధ్య ఒక గుడ్డ తెర ఉంది, దాని కింద వెలుతురు పడుతోంది. మేమిద్దరం ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని ఆ వెలుతురునే చూస్తున్నాం. లోపల చప్పుడేమీ లేదు... నిలబడినవాళ్ళు కాలు మార్చుకున్నట్టు ఒక్కసారి... అంతే.

"ఏవోయ్..." అన్నాను. "వచ్చావా?"

వెళ్ళి తెర తీయడానికి నాకు ధైర్యం చాలలేదు. యాభై దాటినవాణ్ణి, ఏడేళ్ళ పిల్లాడిలా అక్కడే కూర్చుని ఏడ్చాను. పిచ్చుకే వెళ్ళి తెర తీసింది. ఎవరూ లేరు. పొయ్యి ముందు నేల మాత్రం తడిగా ఉంది. పైకప్పు కారిందేమో. మా ఇల్లు కారుతుందని అప్పటిదాకా నాకు తెలియదు.

బాక్సుని ఆఫీసుకి తీసుకెళ్ళి, దానికీ ఆ నాలుగు లైన్లూ ఎక్కించి మిగతావాటిలో కలిపేశాను. అయినా రోజూ దీపాలవేళకి వంటింటి లైటు వెలిగేది, తెల్లవారేసరికి ఆరిపోయేది. మేం భయపడటం మానేశాం. పిచ్చుక ఆ గదిలోకి వెళ్ళి బడి కబుర్లు చెప్పేది. నేను తెర బయట కూర్చుని, వండిన కూర గురించి ఒక మాట అడిగేవాణ్ణి. మూడు తప్పులు ఎవరూ చెప్పేవాళ్ళు కాదు. అదొక్కటే లోటు.

ఒకరోజు పిచ్చుక అన్నం కలుపుతూ ఆగింది.

"అమ్మేనా నాన్నా?"

"అదేం ప్రశ్న? ఇంకెవరు?"

"ఏమో. కబుర్లు చెప్తుంటే వింటుంది. కానీ... ఏమీ తెలియనట్టు వింటుంది. నా స్నేహితురాళ్ళ పేర్లు కూడా కొత్తగా నేర్చుకుంటున్నట్టు."

"చాల్లే, తిను" అన్నాను.

నిన్న ఆఫీసులో పని ముగించి బస్సు దిగేసరికి మబ్బు కమ్మేసి ఉంది. సందు మలుపు తిరిగితే ఇల్లు కనిపిస్తుంది. దూరం నుంచే లైట్లు చూసుకోవడం నాకలవాటు. వంటింట్లో వెలుగుతోంది. మేడ మీద వెలుగుతోంది.

ముందు గదిలో కూడా వెలుగుతోంది.

నా లైటు. నా ఫోను నా జేబులో ఉంది. నేనింకా సందులోనే ఉన్నాను.

ఏదో ప్రోగ్రాములో తప్పనుకున్నాను. నడిచాను. గేటు దగ్గరికి రాగానే నా ఫోను ఇంటి నెట్‌వర్క్‌ని పట్టుకోబోయింది... ముందు గది లైటు ఆరింది. వెలిగింది. ఆరింది.

గేటు బయటే ఆగిపోయాను. ఆ ఆరి వెలగడం ఏమిటో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

వెలిగింది. ఇక ఆరలేదు. ఫోను చూసుకున్నాను. కనెక్ట్ కాలేకపోయాం, అంటోంది.

కుదపని డబ్బా గుర్తొచ్చింది. ఆ చీటీ మా ఆవిడది కాదు. ఎవరు చెయ్యిపెట్టినా వచ్చేదే. ఆ రోజు వానలో గేటు దగ్గర నిలబడ్డది ఎవరని నేను అడగలేదు. లవంగం వాసన వచ్చింది, వైరు లాగేశాను...

పిచ్చుకకి ఫోన్ చేశాను. వెంటనే ఎత్తింది.

"ఏంటి నాన్నా!" నవ్వుతోంది. ఏడాదిగా నేను వినని నవ్వు. దానికోసం నేను చెయ్యని పని లేదు. "పక్కనే కూర్చుని ఫోన్ చేస్తావేంటి? అమ్మ చూడు, ఎలా నవ్వుతోందో!"

"పిచ్చుకా, బయటికి రా తల్లీ... ఏమీ అడక్కు... గేటు దగ్గరికి రా..."

"నువ్విక్కడుంటే గేటు దగ్గరికెందుకు?"

గేటు తోశాను. తల పైకెత్తాను. మేడ మీద పిచ్చుక గది లైటు ఆరింది.

వెలిగింది.

మళ్ళీ ఆరింది.

నా చెవి దగ్గర, ఫోన్లో, నవ్వు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.